వెళ్ళలేని ఊరి పాట: గ్లోరియా ఎస్తెఫాన్ ‘మి తియెర్రా’

స్పానిష్ భాషలో ‘తియెర్రా’ అనే మాటకు మట్టి, నేల, దేశం, భూగోళం అని ఇన్ని అర్థాలున్నాయి. తెలుగులో దానికి దగ్గరగా వచ్చే మాట ‘గడ్డ’. నాగలి పెళ్ళగించిన మట్టీ గడ్డే, మనిషి పుట్టిన దేశమూ గడ్డే. 1993 జూన్‌లో వెలువడిన ‘మి తియెర్రా’ అన్న పాటల ఆల్బమ్ పేరును ‘నా గడ్డ’ అని తెలుగు చేసుకోవచ్చు. అందులోని పన్నెండు పాటలనూ పాడిన గ్లోరియా ఎస్తెఫాన్ 1957 సెప్టెంబరు 1న హవానాలో పుట్టింది. క్యూబా విప్లవం తరవాత ఆమె కుటుంబం మయామి చేరుకునేనాటికి ఆమెకు ఇంకా మాటలు పూర్తిగా రాలేదు. అంటే, ఆ గడ్డ గురించి ఆమెకు సొంత జ్ఞాపకమంటూ దాదాపు ఏమీ లేదు. వలస జీవితం గురించి ఇరవయ్యో శతాబ్దంలో బాగా ప్రచారం పొందిన లాటిన్ ఆల్బమ్‌లలో ఒకటి, తాను వదిలివచ్చిన చోటును గుర్తుంచుకోలేని మనిషి పాడినది కావడం గమనించవలసిన విషయం. జ్ఞాపకం లేనిచోట బెంగ ఎలా పుడుతుంది? ఆ బెంగ ఎవరిది? ఈ ఆల్బమ్‌ను అర్థం చేసుకోవాలంటే ముందు ఈ ప్రశ్నల దగ్గర ఆగాలి.

వలస వచ్చినవారి పిల్లలను గురించి అధ్యయనం చేసిన సమాజశాస్త్రవేత్త రూబెన్ రుంబావుత్ ‘ఒకటిన్నర తరం’ అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. ఆయన కూడా క్యూబాలో పుట్టి అమెరికా వచ్చినవాడే. పరాయి దేశంలో పుట్టి, ఆరేళ్ళకూ పన్నెండేళ్ళకూ మధ్య వలస వచ్చినవారిది ఒకటిన్నర తరం. కౌమారంలో వచ్చినవారిది ఒకటింబావు, ఐదేళ్ళలోపు వచ్చినవారిది ఒకటిముప్పావు. ఈ లెక్క మొదట విన్నప్పుడు చాదస్తంగా అనిపించినా, ఎస్తెఫాన్ దంపతులను పక్కపక్కన పెట్టి చూస్తే దాని ఉపయోగం తెలుస్తుంది. గ్లోరియా భర్త ఎమీలియో ఎస్తెఫాన్ 1953లో సాంతియాగో దె క్యూబాలో లెబనాను మూలాలున్న కుటుంబంలో పుట్టాడు. కౌమారంలో తండ్రి వెంట ముందు స్పెయిన్‌కు, ఆ తరవాత మయామికి చేరాడు. అతనికి వీధులు గుర్తున్నాయి, వీడ్కోలు గుర్తుంది. ఆమెకు గుర్తున్నది ఆ వీధుల గురించి ఇంట్లో పెద్దలు చెప్పిన మాట. ‘మి తియెర్రా’ ఈ ఇద్దరి మధ్య, ఒకటింబావుకూ ఒకటిముప్పావుకూ మధ్య తయారైన సంగీతం.

గ్లోరియా తండ్రి హోసే ఫహార్దో బతీస్తా కాలంలో పాలకుని కుటుంబానికి రక్షణగా ఉన్న దళంలో పనిచేశాడు. 1959 జనవరిలో ఫిదెల్ కాస్త్రో అధికారానికి వచ్చాక అటువంటి కుటుంబానికి హవానాలో చోటు లేకపోయింది. మయామి చేరిన ఆయన, 1961 ఏప్రిల్‌లో అమెరికా ప్రోత్సాహంతో ప్రవాసులు జరిపిన ‘పందుల అఖాతం’ దండయాత్రలో పాల్గొని పట్టుబడ్డాడు. ఏడాదిన్నరకు పైగా క్యూబా జైలులో గడిపి, 1962 డిసెంబరులో ఆహారం, మందుల మారకంగా ఖైదీలను విడిచిపెట్టినప్పుడు తిరిగివచ్చాడు. ఆ తరవాత అమెరికా సైన్యంలో చేరి వియత్నాం వెళ్ళాడు. ఆయన దూరంగా ఉన్న రోజుల్లో తండ్రీ కూతుళ్ళు ఉత్తరాలకు బదులు మాటలు, పాటలు రికార్డు చేసిన టేపులు పంపుకునేవారు. వియత్నాం నుంచి వచ్చాక ఆయనకు మల్టిపుల్ స్క్లెరోసిస్ సోకింది. తల్లి హవానాలో ఉపాధ్యాయురాలు. అక్కడి పట్టాలు ఇక్కడ చెల్లకపోవడంతో మళ్ళీ చదువుకుని మయామి బడుల్లో పాఠాలు చెప్పింది. తల్లి ఉద్యోగానికి వెళితే మంచాన పడ్డ తండ్రినీ చిన్న చెల్లెల్నీ చూసుకునే బాధ్యత గ్లోరియా మీద పడింది. ఆ ఇంట్లో గది తలుపు వేసుకుని గిటారుతో పాడుకోవడమే ఆమెకు దొరికిన విరామం. పట్టా చెల్లకపోవడం అనే ఆ ఒక్క సంగతిలో ఎంత అవమానం, ఎంత శ్రమ దాగివుంటాయో పరదేశంలో లైసెన్సు పరీక్షలు మళ్ళీ రాసిన డాక్టర్లకూ నర్సులకూ వేరే చెప్పనక్కరలేదు.

ఒక తేడాను మాత్రం మరచిపోకూడదు. అమెరికాకు వచ్చే తెలుగువారికి ఊరు దూరమే కాని, దారి మూసుకుపోలేదు. సెలవు దొరికితే, వీసా కాగితాలు సరిగా ఉంటే, ఒకటిన్నర రోజులో హైదరాబాదులోనో విజయవాడలోనో దిగవచ్చు. మయామి నుంచి హవానా 370 కిలోమీటర్ల లోపే. ఫ్లారిడా దక్షిణపు కొస నుంచి అయితే తొంభై మైళ్ళు. విమానంలో కాఫీ తాగడం పూర్తికాకముందే చేరుకోగల ఆ దూరాన్ని దశాబ్దాల పాటు దాటరానిదిగా చేసినది రాజకీయం. మొదట వచ్చినవారు పెట్టెలు పూర్తిగా విప్పలేదు, వచ్చే ఏడాదికి వెళ్ళిపోతామనే అనుకున్నారు. ఈ నమ్మకమే తన తరాన్ని ఎలా పెంచిందో గుస్తావో పేరెస్ ఫిర్మాత్ తన ఆత్మకథలో రాశాడు. దాని పేరే ‘వచ్చే ఏడాది క్యూబాలో’. ఏడాదులు గడిచే కొద్దీ వెళ్ళే ఊరు వెనక్కి జరిగింది. పెద్దల మాటల్లో మాత్రం అది 1958 దగ్గరే ఆగిపోయింది. 1962లో తల్లి చనిపోతే, గాయని సేలియా క్రూస్‌ను కడచూపుకు కూడా క్యూబా ప్రభుత్వం రానివ్వలేదు. ఆ తరవాత నలభై ఏళ్ళు ఆమె ప్రవాసంలోనే పాడింది.

ఇక సంగీతం. గ్లోరియా పేరు ప్రపంచానికి తెలిసింది ఇంగ్లీషు పాటలతో. ఎమీలియో నడిపిన ‘మయామి లాటిన్ బాయ్స్’ బృందంలో 1970ల మధ్యలో ఆమె చేరింది. ‘మయామి సౌండ్ మెషీన్’ అనే కొత్త పేరుతో ఆ బృందం ముందు స్పానిష్‌లో ఆల్బమ్‌లు చేసి, 1984 తరవాత ఇంగ్లీషులోకి వచ్చింది. 1985 నాటి ‘కొంగా’ పాటలో క్యూబా డోళ్ళు ఉన్నా, మాటలు ఇంగ్లీషువే. అమెరికా రేడియో దాటి అన్ని దేశాల నాట్యశాలలకూ చేరింది. 1990 మార్చి 20న పెన్సిల్వేనియాలో మంచు రోడ్డు మీద వాళ్ళ బస్సును ఒక లారీ గుద్దింది. ఆమె వెన్నుపూస విరిగింది. వెన్నుకు రెండు టైటానియం కడ్డీలు అమర్చారు. పది నెలల తరవాత, 1991 జనవరిలో, మళ్ళీ వేదిక ఎక్కింది. ఆ స్థాయి గాయని అప్పుడు మరొక ఇంగ్లీషు ఆల్బమ్ చేయడమే వ్యాపార బుద్ధికి తగిన పని. ఆమె అమ్మా నాన్నల కాలపు క్యూబా సంగీతాన్ని, 1930ల, 40ల పద్ధతిలో, పూర్తిగా స్పానిష్‌లో పాడాలని నిర్ణయించుకుంది. ప్రాణం మీదికి వచ్చిన ప్రమాదానికీ ఈ నిర్ణయానికీ నేరుగా ముడిపెట్టడం తొందరపాటే అవుతుంది. అయినా ఆల్బమ్‌ను తెరిచే మొదటి పాట పేరు ‘నాకు మిగిలిన ఏళ్ళతో’ అన్నది. భార్యాభర్తలిద్దరూ కలిసి రాసిన ఆ పాటను ప్రమాదం సంగతి తెలిసి వినడం, తెలియక వినడం ఒకటి కాదు.

ఆ పాట బొలేరో. ఆల్బమ్‌లోని ప్రేమ పాటలు ఎక్కువగా ఈ రూపానివే. బొలేరో పంతొమ్మిదో శతాబ్దపు చివర సాంతియాగో దె క్యూబాలో గిటారు పాటగా పుట్టి, మెక్సికో మీదుగా స్పానిష్ ప్రపంచమంతా పాకింది. నిదానమైన నడక, దగ్గరగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టుండే గొంతు, వలపు కన్నా వియోగం వైపే మొగ్గు దాని లక్షణాలు. వియోగం దానికి సహజ విషయం కాబట్టి, ప్రవాసులు బొలేరోను తమ పాటగా చేసుకోవడానికి కొత్తగా ఏమీ చేర్చనక్కరలేకపోయింది. ‘నిన్న’, ‘తిరిగి వస్తావు’ అన్న అర్థాలున్న పేర్లతో ఇందులో పాటలున్నాయి. అవి ప్రియుణ్ణి గురించి అనుకుని వినవచ్చు, దేశాన్ని గురించి అనుకుని వినవచ్చు. పాట ఎటూ తేల్చి చెప్పదు. తేల్చకపోవడంలోనే వాటి బలం ఉంది.

ఆల్బమ్‌కు పేరునిచ్చిన రెండో పాట మాత్రం వేరే జాతిది. అది ‘సోన్’. క్యూబా తూర్పు కొండల ప్రాంతంలో స్పానిష్ రైతుల తంత్రీ వాద్యాలూ, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి తాళమూ కలిసి పుట్టిన రూపమిది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హవానా చేరి దేశమంతటి పాట అయింది. దాని గుండెకాయ ‘క్లావె’ అనే తాళ క్రమం. చేతిలో పట్టుకునే రెండు గట్టి కర్ర ముక్కలకు కూడా అదే పేరు. పదహారు మాత్రల ఆవృత్తిని ఊహించుకుని 1, 4, 7, 11, 13 మాత్రల మీద దెబ్బ వేస్తే క్లావె వస్తుంది. మొదటి ఎనిమిది మాత్రల్లో మూడు దెబ్బలు, తరవాతి ఎనిమిదింటిలో రెండు. మన ఆదితాళంలో చేయి లెక్కను చూపుతుంది, పాట దానిమీద నడుస్తుంది. క్లావె లెక్కను చూపదు. మూడుగా ఒకసారి, రెండుగా ఒకసారి ఊపిరి పీల్చి వదిలినట్టుగా ఉండి, మిగిలిన వాద్యాలన్నీ ఏ పక్కకు ఒరగాలో చెబుతుంది. దానికి ఎదురునడిచే వాద్యగాణ్ణి తోటివారు వెంటనే పట్టేస్తారు. బాసు గిటారుది ఇంకో వింత. అది ఆవృత్తి మొదటి మాత్ర మీద పడకుండా, అంతకు ముందే వచ్చేసి, ఆ మాత్రను ఖాళీగా వదిలేస్తుంది. కాలు కదపకుండా సోన్ వినడం కష్టం కావడానికి కారణం ఈ ఖాళీయే. వినేవాడు ఆ జాగాను తన అడుగుతో నింపుతాడు.

సోన్ పాట రెండు భాగాలుగా ఉంటుంది. మొదటి సగంలో గాయని చరణాలుగా కథ చెబుతుంది. తరవాత ‘మొంతూనో’ మొదలవుతుంది. బృందం ఒక చిన్న మాటను వంతగా పట్టుకుని తిప్పి తిప్పి పాడుతుంటే, మధ్య మధ్య గాయని అప్పటికప్పుడు కల్పించిన పాదాలు విసురుతుంది. బుర్రకథలో వంతల పని తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. అయితే ఇక్కడ వంత పాడేవారు కథను ముందుకు నడపరు, వదలకుండా పట్టుకుని ఉంటారు. ‘మి తియెర్రా’ పాట మొదటి సగంలో దూరమైన నేల పెట్టే నొప్పి గురించి ఒంటరి గొంతు చెబుతుంది. మొంతూనోకు వచ్చేసరికి అదే నొప్పిని పదిమంది పట్టుకుని ఆడుతుంటారు. దుఃఖం నాట్యంగా మారిందనడం సరికాదు, అది దుఃఖంగానే ఉంటుంది. దానికి తోడు దొరికింది, అంతే. మాటల కన్నా ఈ నిర్మాణమే ప్రవాసం గురించి ఎక్కువ చెబుతుంది.

ఇందులో వాయించినవారి పేర్లు చూస్తే అదొక వలస చరిత్ర. బాసు వాయించిన ఇస్రాయేల్ ‘కచావో’ లోపెస్ 1918లో హవానాలో పుట్టాడు. 1938లో అన్న ఒరెస్తెస్‌తో కలిసి ‘మాంబో’ అనే దన్‌సోన్‌తో ఆ పేరున్న శైలికి పునాది వేసినవాడు. 1960లలో దేశం విడిచాక, చివరికి మయామిలో పెళ్ళిళ్ళలో, బాప్టిజం విందుల్లో వాయిస్తూ గడిపాడు. ఒక కొత్త సంగీతానికి బీజం వేసిన మనిషి ఎవరికీ తెలియకుండా విందు భోజనాల మూల నిలబడి వాయించాడన్న మాట. నటుడు ఆండీ గార్సియా అతనిమీద తీసిన డాక్యుమెంటరీ, ‘మి తియెర్రా’ రెండూ 1993లోనే వచ్చి, డెబ్భై అయిదేళ్ళ వయసులో అతన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చాయి. పకీతో దె రివేరా 1980లో కచేరీ యాత్ర మధ్యలో స్పెయిన్‌లో ఆశ్రయం కోరినవాడు. అతని కుటుంబం బయటికి రావడానికి ఏళ్ళు పట్టింది. ట్రంపెట్ విద్వాంసుడు అర్తూరో సాందోవాల్ 1990లో దేశం వదిలాడు. ఏర్పాట్లలో పెద్ద చేయి వేసిన హువానీతో మార్కెస్ కూడా క్యూబా నుంచి వచ్చినవాడే. వేర్వేరు దశాబ్దాల్లో, వేర్వేరు దారుల్లో వచ్చిన ఈ మనుషులను ఒక స్టూడియోలో చేర్చడమే ఎమీలియో చేసిన గొప్ప పని.

అయితే తింబాలేలు వాయించిన తీతో ప్వెంతె క్యూబా వాడు కాదు. ప్వెర్తోరీకో దంపతులకు న్యూయార్కులో పుట్టినవాడు. గిటారు వాయించిన చామీన్ కొర్రేయా మెక్సికో వాడు. తంత్రీ వాద్యాలు లండన్ సింఫనీ వారివి. అన్నిటికన్నా ముఖ్యంగా, ‘మి తియెర్రా’ పాటను రాసిన ఎస్తెఫానో కొలంబియా దేశస్థుడు. మయామి క్యూబన్లు తమ గుండె లోతు నుంచి వచ్చినట్టుగా భావించి కన్నీళ్ళు పెట్టుకున్న పాటను, క్యూబాతో పుట్టుకతో ఏ సంబంధమూ లేని మనిషి రాశాడు. దీన్ని ఆల్బమ్ నిజాయితీకి మచ్చగా చూసేవారు ఉండవచ్చు. కాని ఆ పాట మాటల్లో హవానా వీధి పేరు గాని, చారిత్రక ఘటన గాని వెతికితే కనిపించదు. ఊరు వదిలివచ్చిన ఎవరైనా తన ఊరి పేరు పెట్టుకుని వినేలా కొలంబియా కవి దాన్ని ఖాళీగా ఉంచాడు. స్పెయిన్‌లోనే ఆ ఆల్బమ్ పది లక్షల ప్రతుల స్థాయికి చేరడం చూస్తే, ఆ ఖాళీలో ఎంతమంది కూర్చోగలిగారో తెలుస్తుంది.

అదే గుణం దాని లోపం కూడా. ఈ ఆల్బమ్‌లోని క్యూబా బతీస్తా నియంతృత్వం లేని క్యూబా, చెరకు తోటల కూలి లేని క్యూబా. 1959-62 మధ్య వచ్చిన మొదటి అల వలసదారుల్లో ఎక్కువమంది తెల్లవారు, ఉన్నత మధ్య తరగతుల వారు. వారి బెంగను మోస్తున్న సోన్ మాత్రం ఆఫ్రికా మూలాల పేదల నుంచి వచ్చింది. చిత్తుగా ఓడిన వర్గం తాను ఒకప్పుడు చిన్నచూపు చూసిన సంగీతాన్నే తన కుటుంబ ఆస్తిగా ప్రకటించుకోవడంలో ఉన్న వ్యంగ్యాన్ని ఆల్బమ్ ఎక్కడా గుర్తించదు. నాలుగేళ్ళ తరవాత, 1997లో, హవానాలో మిగిలిపోయిన వృద్ధ కళాకారులతో ‘బ్వెనా విస్తా సోషల్ క్లబ్’ వచ్చి ప్రపంచాన్ని ఊపేసింది. రెండిట్లోనూ ఉన్నది ఒకే పాత సంగీతం. ఒకదాంట్లో వదిలివెళ్ళినవారు, మరొకదాంట్లో ఉండిపోయినవారు పాడారు. రెండిటినీ వరసగా విన్నవారికి, బ్వెనా విస్తా గొంతుల్లో ఉన్న గరుకు ‘మి తియెర్రా’లో లేదని తెలిసిపోతుంది. స్టూడియో నునుపు కొన్నిచోట్ల ఎక్కువైంది. కచావో బాసు వినిపించినచోట మాత్రం ఆ నునుపు పగిలి లోపలిది బయటపడుతుంది.

ఆల్బమ్ వచ్చిన సమయాన్ని కూడా చూడాలి. 1980లో మరియెల్ రేవు నుంచి దాదాపు 1,25,000 మంది క్యూబన్లు కొన్ని నెలల్లోనే ఫ్లారిడా చేరారు. ఆ ఏడు నవంబరులోనే మయామి నగరమున్న డేడ్ కౌంటీ ఓటర్లు, ఇంగ్లీషు కాక మరే భాష వాడకానికీ కౌంటీ డబ్బు ఖర్చు చేయరాదనే నిబంధనను ఆమోదించారు. పదమూడేళ్ళకు, 1993 మేలో, కౌంటీ కమిషన్ దాన్ని రద్దు చేసింది. సరిగ్గా మరుసటి నెలలో ‘మి తియెర్రా’ వెలువడింది. ‘ఒకే భాష మాట్లాడుకుందాం’ అనే పేరున్న పాట ఇందులో ఉంది. అది లాటిన్ ప్రజల ఐక్యత గురించినది. కాని భాషే నేరమైన నగరంలో పెరిగినవారికి ఆ పేరులో ఇంకో అర్థం వినిపించి ఉంటుంది. జూలై 10న బిల్‌బోర్డ్ పత్రిక లాటిన్ ఆల్బమ్‌లన్నిటికీ కలిపి ఒకే పట్టికను మొదలుపెట్టినప్పుడు దానిలో మొట్టమొదటి అగ్రస్థానం ఈ ఆల్బమ్‌దే. మొత్తం 58 వారాలు అక్కడ నిలిచింది. 1994లో ట్రాపికల్ లాటిన్ విభాగంలో గ్రామీ పురస్కారం పొందింది. ఇంగ్లీషులోకి దాటిపోవడమే విజయమని లాటిన్ కళాకారులకు చెబుతూ వచ్చిన పరిశ్రమకు, వెనక్కి దాటి కూడా గెలవవచ్చని లెక్కలతో చూపిన సందర్భమిది.

అప్పటికి క్యూబాలో పరిస్థితి వేరుగా ఉంది. 1991లో సోవియట్ యూనియన్ కూలాక దేశానికి చమురు, తిండి, మందులు కరువయ్యాయి. 1994 వేసవిలో లారీ ట్యూబులు, చెక్కలు కట్టుకుని వేలమంది సముద్రంలోకి దిగారు. వారిని తీరం చేరనివ్వకుండా అమెరికా కోస్ట్‌గార్డ్ పట్టి గ్వాంతానమో స్థావరంలో ఉంచింది. ముప్పై వేలకు పైగా మనుషులు ముళ్ళకంచెల మధ్య గుడారాల్లో నెలల తరబడి గడిపారు. గ్వాంతానమో క్యూబా గడ్డ మీదే ఉన్న అమెరికా నౌకాదళ స్థావరం. 1990లో అక్కడ కచేరీకి వెళ్ళిన సేలియా క్రూస్ కంచె పక్కనుంచి పిడికెడు మట్టి తెచ్చుకుంది. 2003లో ఆమె చనిపోయినప్పుడు ఆ మట్టిని ఆమెతోపాటే పూడ్చారు. గ్లోరియా పెద్దయ్యాక క్యూబా లోపలికి వెళ్ళినది 1979లో, ఎమీలియో అన్నను బయటికి తెచ్చే పనిమీద. 1995 సెప్టెంబరులో గ్వాంతానమో వెళ్ళి, అక్కడి శిబిరాల్లో ఉన్న తెప్పల వాళ్ళ ముందు పాడింది. క్యూబా నేలమీద ఆమె జరిపిన కచేరీ అదొక్కటే. ఎదురుగా కూర్చున్నవారికి ఊరు కంచె అవతలే ఉంది, గుర్తుంది, వాళ్ళు దాన్నుంచి పారిపోయి వచ్చారు. పాడుతున్న మనిషికి అది గుర్తులేదు.